ఆన్సన్ బర్లింగేమ్‌ను చలువరాతిలో చెక్కడం: ఫొటో నుంచి పీఠం దాకా

శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో దిగి 101 హైవే మీద దక్షిణంగా వస్తే కాసేపట్లోనే బర్లింగేమ్ అనే ఊరి బోర్డు కనిపిస్తుంది. బే ఏరియాలో ఉండే మనవాళ్లకు అది ఎయిర్‌పోర్టు హోటళ్ల ఊరు. అమ్మానాన్నల ఫ్లైటు తెల్లవారుజామున ఉంటే ముందురోజు రాత్రి అక్కడ గది తీసుకుంటాం. ఆ పేరు ఒక మనిషిదని, ఆ మనిషి బానిసత్వానికి ఎదురు నిలిచినవాడని తెలిసినవాళ్లు తక్కువ.

నేను ఆళ్లగడ్డలో శిల్పుల ఇంట్లో పుట్టినవాణ్ణి. తిరుపతిలో శిల్పం చదువుకున్నాను. ఇప్పుడు ఇక్కడ కిచెన్ కౌంటర్‌టాప్‌లు కోసే షాపులో పని చేస్తాను. శని, ఆదివారాలు షాపు వెనక షెడ్డులో నా సొంత పని. ఆన్సన్ బర్లింగేమ్ బస్ట్, అంటే ఛాతీ దాకా ఉండే విగ్రహం, చలువరాతిలో చెక్కుతున్నాను. ఎవరూ ఆర్డర్ ఇచ్చింది కాదు, నా ఇష్టం కొద్దీ చేస్తున్నది. మట్టి పనో రాతి పనో కొంచెం వచ్చిన కుర్రాళ్లు ‘ఫొటో చూసి మనిషిని రాతిలోకి ఎలా తెస్తారన్నా’ అని అడుగుతుంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను. మీ ఊళ్లో ఎవరి విగ్రహమైనా చేయించాలనుకునే కమిటీవాళ్లకు కూడా పనికొస్తుంది. శిల్పిని ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు మనిషి, తర్వాత ముఖం

ఉలి పట్టకముందు, మట్టి తడపకముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ మనిషి జీవితంలో ఏ ఘడియను రాతిలో నిలబెట్టాలో తేల్చుకోవాలి. చాలా విగ్రహాలు ఇక్కడే తప్పిపోతాయి. ‘మహానుభావుడు’ అనుకుని మొదలుపెడితే చివరికి ఏ మహానుభావుడికైనా సరిపోయే ముఖం వస్తుంది.

బర్లింగేమ్ 1820 నవంబర్ 14న న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బెర్లిన్‌లో పుట్టాడు. పెరిగింది ఒహాయో, మిషిగన్‌లలో. హార్వర్డ్‌లో లా చదివి బోస్టన్‌లో వకీలుగా స్థిరపడ్డాడు, మసాచుసెట్స్ నుంచి కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, వెళ్లాడు. 1856 మే 22న సెనేట్ హాల్లో, బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు మసాచుసెట్స్ సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ను సౌత్ కరోలినా సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో తల పగిలేలా కొట్టాడు. సమ్నర్ కోలుకుని తిరిగి తన సీట్లో కుదురుకోవడానికి మూడేళ్లకు పైగా పట్టింది. దెబ్బలు పడ్డ నెలకు, జూన్ 21న, బర్లింగేమ్ సభలో లేచి ఆ పనిని పిరికి పనిగా ఎండగట్టాడు. అప్పటికి అతనికి 35 ఏళ్లు. బ్రూక్స్ డ్యూయెల్‌కు, అంటే ఇద్దరూ ఆయుధాలతో తలపడే పోరుకు, రమ్మన్నాడు. బర్లింగేమ్ సరేనన్నాడు. ఆయుధం రైఫిల్, చోటు నయాగరా దగ్గర కెనడా వైపు అన్నాడు. మిషిగన్ అడవుల్లో తుపాకీ పట్టి పెరిగినవాడు, గురి తప్పనివాడని పేరు. ఉత్తరాది రాష్ట్రాల గుండా అంతదూరం ప్రయాణం క్షేమం కాదంటూ బ్రూక్స్ వెనక్కి తగ్గాడు.

ఇది ఒక ముఖం. ఇంకో ముఖం కూడా ఉంది. అధ్యక్షుడు లింకన్ 1861లో అతన్ని మొదట ఆస్ట్రియాకు రాయబారిగా పంపాడు. హంగరీ స్వాతంత్ర్యాన్ని సమర్థించినవాడు మాకొద్దని ఆస్ట్రియా అనడంతో చైనాకు మార్చాడు. ఆరేళ్లు అమెరికా తరఫున పెకింగ్‌లో, అంటే ఇప్పటి బీజింగ్‌లో, పనిచేశాక, 1867లో చైనా ప్రభుత్వమే అతన్ని తన తరఫున దూతగా విదేశాలకు పంపింది. 1868 జులై 28న వాషింగ్టన్‌లో కుదిరిన ఒప్పందానికి ఇతని పేరే పడింది. మనిషి తన ఇష్టంతో దేశం మారవచ్చునని, ఇష్టం లేనివాణ్ణి ఓడెక్కించి తీసుకెళ్లడం నేరమని అందులో ఐదో అధికరణం చెప్పింది. అది కూలీల వ్యాపారం ముమ్మరంగా సాగుతున్న కాలం. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ మనవాళ్లను చెరకు తోటల పనికి డర్బన్‌లో దించింది. ఒప్పందం చైనావాళ్ల గురించే అయినా, వేలిముద్ర వేసి సముద్రం దాటిన తెలుగు కూలీల సంగతి తెలిసిన నాకు ఆ ఐదో అధికరణం కాగితం మీద మాటలా అనిపించదు.

మచ్చ లేని మనిషని కాదు. కాంగ్రెస్‌కు మొదటిసారి గెలిచింది వలసవాళ్లను వ్యతిరేకించే అమెరికన్ పార్టీ టికెట్ మీద. తర్వాత రిపబ్లికన్ పార్టీలోకి వచ్చాడు, పుష్కరం తిరిగేసరికి వలసకు తలుపు తెరిచే ఒప్పందం మీద సంతకం చేశాడు. అమెరికా 1882లో చైనావాళ్లను అడ్డుకునే చట్టం చేసి ఆ తలుపు మూసేసింది. ఇవన్నీ తెలిస్తేనే ముఖంలో ఎంత మెత్తదనం ఉంచాలి, ఎంత బిగువు ఉంచాలి అన్నది తెలుస్తుంది. నేను 1856 జూన్‌నే ఎంచుకున్నాను. ఊరికి పేరు రావడానికి కారణం వేరే. 1866లో ఈ ప్రాంతంలో రాల్‌స్టన్ అనే బ్యాంకరు దగ్గర దాదాపు వెయ్యి ఎకరాలు కొన్నాడు, ఇల్లు కట్టుకోకముందే 1870 ఫిబ్రవరి 23న రష్యాలో న్యుమోనియాతో పోయాడు, పేరు నేలకు మిగిలింది. భూమి కొన్నందుకు ఎవరికీ విగ్రహం చెక్కనక్కరలేదు. సభలో లేచి నిలబడ్డందుకు చెక్కాలి.

పాత ఫొటోను చదవడం

ఆ కాలం ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసి గోడకు అంటించే ముందు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, ఫొటో తిరగబడి ఉందా లేదా. డాగెరోటైపు, టిన్‌టైపు లాంటి లోహపు రేకు మీద నేరుగా తీసిన పాత ఫొటోలు అద్దంలో ప్రతిబింబంలా కుడిఎడమలు మారిపోయి వస్తాయి. కోటు గుండీలు చూడండి. మగవాళ్ల కోటులో ఎడమ పక్క బట్ట కుడిపక్క మీదికి వస్తుంది. అలా లేదంటే ఫొటో తిరగబడింది. పాపిడి, పుట్టుమచ్చ, వంకర ముక్కు అన్నీ తారుమారవుతాయి కాబట్టి ఇది ముందే తేలాలి.

రెండోది, నీడలు నమ్మకూడదు. అప్పట్లో ఫొటో ప్లేటుకు తడిగా పూసే రసాయనం నీలి వెలుగును ఎక్కువగా, ఎరుపును చాలా తక్కువగా పట్టుకునేది. ఎర్రబారిన చర్మం నల్లగా పడుతుంది, నీలి కళ్లు తెల్లబోయి కనిపిస్తాయి. చెంప మీద నల్లగా కనిపించిందల్లా గుంట అనుకుని తవ్వేస్తే మనిషి రోగిష్టిలా తేలతాడు. వేరే రోజు, వేరే వెలుగులో తీసిన ఇంకో ఫొటోలో కూడా అదే నీడ ఉంటేనే అది లోతు.

మూడోది, ఆ బిగుసుకుపోయిన చూపు అతనిది కాదు. కెమెరా ముందు కొన్ని సెకన్లు కదలకుండా కూర్చోవాలి, చాలాసార్లు తల వెనక ఇనుప ఊత పెట్టేవాళ్లు. ఎముకల కొలతలు ఫొటో నుంచి తీసుకోండి, ముఖంలో భావం మాత్రం తీసుకోకండి. అది మీరు చదివిన జీవితం నుంచి రావాలి. హొనొలులులో 1866లో మంచం పట్టిన మార్క్ ట్వేన్‌ను స్ట్రెచర్ మీద ఆసుపత్రికి మోయించి, ఓడ మునిగి బతికి బయటపడ్డవాళ్లను తనే ప్రశ్నలడిగి అతనితో రాయించినవాడు బర్లింగేమ్. అప్పటికి ట్వేన్ ఇంకా పెద్ద రచయితగా పేరు రాని విలేకరి. అలాంటి కలుపుగోలు మనిషి నోటి చివర్లు ఫొటోలో ఉన్నంత కిందికి ఉండి ఉండవు.

ఎదురు ఫొటో ఒక్కటే ఉంటే పని మొదలుపెట్టకండి. పోలిక పక్క నుంచి తెలుస్తుంది. నుదురు వాలు, ముక్కు మొదలు, చుబుకం ముందుకొచ్చిన తీరు, చెవి ఎంత వెనక ఉంది, ఇవి ఎదురుగా చూస్తే దొరకవు. పూర్తి పక్క ఫొటో లేకపోతే ముప్పాతిక తిరిగినవి రెండు మూడు పెట్టుకుని లెక్క కట్టుకోవాలి.

మట్టిలో మనిషి

మనం నేర్చుకున్న తాళమానంలో, అంటే విగ్రహాల కొలతల పద్ధతిలో, ముఖం మూడు సమ భాగాలు. నుదురు ఒకటి, ముక్కు ఒకటి, ముక్కు కింద నుంచి చుబుకం దాకా ఒకటి. రెండు పక్కలా ఒకటే కొలత. దేవుడికి అది సరి. మా నాయన దగ్గర పని నేర్చుకోడానికి వచ్చిన పిల్లోళ్లు మొదటిసారి మనిషి తల చేస్తే ఆయన ఒకటే మాట అనేవాడు: ‘‘దేవుని మొగం చేసినావు కదరా అబ్బోడా. మనిషి మొగం రెండు పక్కలా ఒగటే మాదిరి ఉంటాదా?’’ అని వాళ్ల చేతికి దారం ఇచ్చేవాడు. దాన్ని ఫొటోలో నుదుటి మధ్య నుంచి చుబుకం మధ్యకు పట్టి చూడమనేవాడు. ముక్కు ఆ దారానికి ఏ పక్క ఒరిగింది, ఏ కన్ను కిందికి ఉంది, ఏ చెంప నిండుగా ఉంది, వాళ్లే చెప్పాలి. మీరూ అదే చేయండి. పోలిక అంతా ఆ తేడాల్లోనే ఉంటుంది. వాటిని సరిచేయాలని చెయ్యి లాగుతుంది, లాగనివ్వకండి.

సైజు మనిషికన్నా కొంచెం పెద్దగా పెట్టుకోండి. సరిగ్గా మనిషి సైజులో చేసిన తల రాతిలో చిన్నబోతుంది. నేను ఒకటికి ఒకటింబావు దాకా పోకుండా 1.15 రెట్లు తీసుకున్నాను. చుబుకం నుంచి నడినెత్తికి సుమారు 26 సెంటీమీటర్లు, బస్ట్ మొత్తం 58 సెంటీమీటర్లు.

లోపల ఇనుప పైపు, దానికి తల మధ్యలో తీగతో వేలాడే చెక్క ముక్కలు కట్టుకుంటే మట్టి కిందికి జారదు. ముందు పుర్రె, తర్వాత కండ, ఆ తర్వాతే చర్మం. కళ్లు తల ఎత్తుకు సరిగ్గా సగంలో ఉంటాయి. కొత్తవాళ్లు నుదురు కుదించి కళ్లు పైకి పెడతారు. వెంటవెంటనే వివరాల్లోకి పోకుండా బల్లను తిప్పుతూ అన్ని పక్కల అంచులూ చూసుకోవాలి. రాత్రి వెళ్లేటప్పుడు తడిబట్ట, పైన ప్లాస్టిక్ కవరు. ఇక్కడి ఎండాకాలం గాలికి మట్టి త్వరగా పగులుతుంది.

మెడ తిప్పడం గురించి గట్టిగా చెప్పాలి. తలను ఛాతీకి నేరుగా పెడితే పాస్‌పోర్టు ఫొటో. నేను తలను అతని కుడి పక్కకు కొద్దిగా తిప్పాను. సభలో తనకు ఎదురు కూర్చున్నవాళ్ల వైపు చూస్తూ మాట మొదలుపెట్టబోయే మనిషి. అలా తిప్పగానే ఎడమ చెవి వెనక నుంచి మెడ గుంట దాకా ఒక కండ బిగుసుకుని పైకి లేస్తుంది. కాలర్ పైన అది కొంచెమే కనిపించినా చాలు.

బట్టలు కూడా ఆలోచించండి. ఆ కాలపు చలువరాతి బస్టుల్లో చాలావాటికి రోమన్లలా భుజం మీద దుప్పటి కప్పారు. నాకది నచ్చదు. 1856లో వాషింగ్టన్‌లో నిలబడి మాట్లాడినవాడు కోటు, నిలువు కాలర్, మెడకు కట్టిన గుడ్డతో ఉంటాడు. ఆ కోటుతోనే ఉండనివ్వాలి.

మట్టి పూర్తయ్యాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి ప్లాస్టర్ బొమ్మ పోసుకుంటాం. అచ్చు పని చాలా వీడియోల్లో బాగానే చూపిస్తారు కాబట్టి ఇక్కడ సాగదీయను. ప్లాస్టర్ మీద ఒక వారం తీరిగ్గా ఇసుక కాగితంతో, చిన్న కత్తితో దిద్దండి. ఇక్కడ సరిచేయనిది రాతిలో సరికాదు.

రాయి

శిల్పానికి పనికొచ్చే తెల్లరాయి ఇటలీ కరారా నుంచి వస్తుంది. అమెరికాలోనే కావాలంటే వెర్మాంట్‌లోని డాన్బీ, కొలరాడోలోని యూల్ గనులున్నాయి. వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం బయటి గోడలు ఆ యూల్ రాయే. లోపల కూర్చున్న లింకన్ జార్జియా రాయి, 28 దిమ్మెలు కలిపి పేర్చింది. డానియెల్ చెస్టర్ ఫ్రెంచ్ అనే శిల్పి మట్టిలో చేస్తే పిచ్చిరిల్లి అన్నదమ్ములు రాతిలో చెక్కారు. మట్టి చేసే చెయ్యి, రాయి చెక్కే చెయ్యి వేరువేరుగా ఉండటం అప్పుడు మామూలే.

దిమ్మె కొనే ముందు సుత్తితో తట్టి వినండి. ఇది మన పెద్దల పరీక్షే. లోపల పగులు లేని రాయి కంచులా మోగుతుంది, పగులుంటే బొంగురుగా పలుకుతుంది. తర్వాత బకెట్టు నీళ్లు పోసి ఆరేదాకా చూడండి. పైన తడి ఆరిపోయాక కూడా ఒక గీత నల్లగా మిగిలితే అది పగులు. బూడిద రంగు చార ఉంటే అది ముక్కు మీదికో కంటి మీదికో రాకుండా దిమ్మెను ఎటు నిలపాలో ముందే గుర్తు పెట్టుకోండి.

బరువు లెక్క వేసుకోకుండా తెప్పించకండి. చలువరాయి ఘనమీటరుకు సుమారు 2,700 కిలోలు. 60, 45, 40 సెంటీమీటర్ల దిమ్మె దాదాపు 290 కిలోలు తూగుతుంది. ఇద్దరు మనుషులు పట్టి లేపే వస్తువు కాదు. చైన్ బ్లాకు, గట్టి బల్ల కావాలి. మా షాపులో ఫోర్క్‌లిఫ్ట్ ఉంది కాబట్టి నాకు ఆ టెన్షన్ లేదు.

మాస్క్ విషయంలో బతిమాలి చెబుతున్నాను. చలువరాయి ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే, గ్రానైటులో, కౌంటర్‌టాప్ క్వార్ట్జ్‌లో ఉన్నంత సిలికా, అంటే ఊపిరితిత్తులను పాడుచేసే ఖనిజం, అందులో ఉండదు. అయినా దుమ్ము దుమ్మే. ముఖానికి అతుక్కునే ఫిల్టర్ మాస్క్, కళ్లజోడు లేకుండా గ్రైండర్ ఆన్ చేయకండి. కౌంటర్‌టాప్ పని చేసే కుర్రాళ్ల ఊపిరితిత్తులు ఈ రాష్ట్రంలో ఎలా పాడవుతున్నాయో మా పనివాళ్లందరికీ తెలుసు.

ఉలి కోణం

ప్లాస్టర్ బొమ్మ కొలతల్ని రాతికి ఎక్కించడానికి పాయింటింగ్ మెషీన్ అనే పరికరం వాడతాం. పేరు మెషీన్ గానీ కరెంటు లేదు, మోటారు లేదు. మూడు కాళ్ల ఫ్రేము, దానికి ఎటైనా తిరిగే చెయ్యి, చెయ్యి చివర ముందుకూ వెనక్కూ జరిగే సూది. బొమ్మ మీద నుదుటి పైన ఒకటి, రెండు భుజాల దగ్గర రెండు, మూడు స్థిరమైన గుర్తులు పెట్టి, అవే మూడు రాతి మీద కూడా పెడతాం. ఫ్రేమును బొమ్మకు తగిలించి సూదిని ముక్కు కొనకు ఆనించి బిగిస్తాం. తర్వాత తీసుకెళ్లి రాతికి తగిలిస్తే సూది ఎక్కడో బయటే ఆగిపోతుంది. అది లోపలికి వెళ్లాల్సినంత మేర రాయి తీసేస్తూ పోవాలి. అలా వందల చుక్కలు. ముందు పైకి పొడుచుకొచ్చిన చోట్లు, అంటే ముక్కు, చుబుకం, కనుబొమ, భుజం. తర్వాత లోతులు. అన్ని చోట్లా 3 మిల్లీమీటర్లు వదిలేయండి. ఆ 3 మిల్లీమీటర్లే మీ చేతి పని, మిగిలింది లెక్క.

ఆళ్లగడ్డ నల్లరాయి మీద, గ్రానైటు మీద చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడ ఒక అలవాటు మానుకోవాలి. మన రాయి గట్టిది కాబట్టి ఉలిని నిటారుగా పెట్టి దెబ్బ వేస్తాం, రాయి పొడిగా రాలుతుంది. చలువరాయి మీద అలా కొడితే కమిలిపోతుంది. పైకి ఏమీ తెలియదు. లోపల పలుకులు నలిగి, చివర్లో నునుపు చేసినప్పుడు తెల్లటి మచ్చ బయటపడుతుంది. అప్పటికి ఇంకా లోపలికి తవ్వే వీలు లేదు. మొన ఉలిని 45 డిగ్రీలకు వాల్చి, గీతలు గీతలుగా నడపండి. ముఖం ఉపరితలానికి దగ్గరవుతుంటే ఇంకా వాల్చండి. 3 మిల్లీమీటర్లు మిగిలిన దగ్గర మొన ఉలి పక్కన పెట్టి పళ్ల ఉలి తీసుకోండి. దాన్ని కండ సాగిన దిక్కునే నడపాలి. చెంప మీద చెంప వంపు వెంట, నుదుటి మీద అడ్డంగా. ఆ గీతలే మీకు ఆకారం చూపిస్తాయి. తర్వాత బల్లపరుపు ఉలి, ఆకురాళ్లు.

షెడ్డులో ట్యూబులైటు కింద పనిచేస్తే మోసపోతారు. ఒకే ఒక్క బల్బు పక్కనుంచి పడేలా పెట్టుకుని దాన్ని జరుపుతూ చూడండి. చలువరాయిలోకి వెలుగు కొంచెం దూరం దిగి బయటికి వస్తుంది కాబట్టి మట్టిలో బాగా కనిపించిన సన్నటి ముడత రాతిలో కరిగిపోతుంది. మట్టిలో ఉన్నదానికన్నా రాతిలో లోతులు కాస్త ఎక్కువే తియ్యాలి. ముఖ్యంగా పెదాల మధ్య గీత, కనురెప్ప కింద, చెవి లోపల.

కళ్లు, చెంపగడ్డం

కంటి పని మొదలుపెట్టే ముందు శాన్ హోసే డౌన్‌టౌన్ లైబ్రరీకి ఒకసారి వెళ్లిరండి. ఎడ్మోనియా లూయిస్ చెక్కిన చలువరాతి పనులు మూడు అక్కడున్నాయి, వాటిలో లింకన్ బస్ట్ ఒకటి. ఆమె తండ్రి నల్లజాతివాడు, తల్లి ఒజిబ్వే తెగ ఆడబిడ్డ. బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేకుల మెడల్స్, బస్టులు చేసి అమ్మి, ఆ డబ్బుతో రోముకు వెళ్లింది. 1873లో తన శిల్పాలు తీసుకుని కాలిఫోర్నియాకు వచ్చింది, అలా అవి శాన్ హోసేలో ఉండిపోయాయి. ఈ పని నీది కాదు, వేరేవాళ్లు చెక్కి ఇచ్చారంటారని, రాతి పనివాళ్లను పెట్టుకోకుండా చాలావరకు తనే చెక్కుకుందంటారు. మనవాళ్లు ఎక్కువమంది ఉండే ఊళ్లోనే ఉన్నాయవి. చూడటానికి వెళ్లే ముందు ఫోన్ చేసి టైమింగ్స్ కనుక్కోండి.

కంటికి రెండు దారులు. గుడ్డును నున్నగా వదిలేయడం ఒకటి, అది పాత గ్రీకు పద్ధతి, మనిషి ఎటో ధ్యానంలో ఉన్నట్టుంటుంది. రెండోది, నల్లగుడ్డు గీత గీసి మధ్యలో తవ్వడం. సభలో ఎదుటివాణ్ణి చూస్తున్న మనిషికి రెండోదే సరి. ఫ్రెంచి శిల్పి ఊడాన్ పద్ధతి ఒకటుంది. నల్లగుడ్డును లోతుగా తవ్వుతూ పై అంచున చిన్న రాతి ముక్కను వదిలేసేవాడు. ఆ ముక్క మీద వెలుగు పడి, చుట్టూ గుంటలో నీడ నిలిచి, కన్ను తడిగా మెరిసినట్టు ఉంటుంది. ఆ ముక్క బియ్యపు గింజంత. సన్నటి డ్రిల్లుతో మూడు పక్కలా రంధ్రాలు వేసుకుని, వాటి మధ్య గోడలను చిన్న ఉలితో చేత్తోనే నొక్కి తియ్యాలి, సుత్తి తగలకూడదు. రెండు కళ్లలో ఆ ముక్క ఒకే పక్క ఉండాలి. గది వెలుగు ఎటు నుంచి వస్తుందో తెలిస్తే అటు పక్కకు పెట్టండి. పై రెప్పను మాత్రం పలచగా, అంచు పదునుగా, నల్లగుడ్డు పై భాగాన్ని కొద్దిగా కప్పేలా దించాలి. రెప్పకూ గుడ్డుకూ మధ్య ఖాళీ కనిపిస్తే ఉలిక్కిపడ్డ చూపు వస్తుంది.

బర్లింగేమ్ చుబుకం నున్నగా గీసుకుని, చెంపల మీద దట్టంగా గడ్డం పెంచేవాడు. వెంట్రుక వెంట్రుకా గీయకండి, దువ్వెన పెట్టి గీసినట్టు ఉంటుంది. ముందు గడ్డాన్ని ఒకే ముద్దగా చూసి దాని అంచు చెంపను ఎక్కడ కలుస్తుందో తేల్చండి. ఆ అంచు ఒకచోట గట్టిగా, ఒకచోట చర్మంలో కలిసిపోతూ ఉండాలి. తర్వాత ఆ ముద్దను నాలుగైదు పాయలుగా విడదీసి, పాయల మధ్య డ్రిల్లుతో లోతు తీయండి. ఆ లోతుల్లో నిలిచే నీడే దూరం నుంచి గడ్డం నలుపుగా కనిపిస్తుంది. సన్న గీతలు చివర్లో, అక్కడక్కడా మాత్రమే.

అద్దంలా పాలిష్ పెట్టే అలవాటు మనకు నల్లరాతి విగ్రహాల నుంచి వచ్చింది. ముఖానికి అది వద్దు. మెరుపు చోట్లు ఆకారాన్ని చంపేస్తాయి. ప్యూమిస్ రాయితో, నీళ్లు పోస్తూ మెత్తటి కాగితంతో చర్మాన్ని నునుపు చేసి అక్కడే ఆపండి. కోటు మీద పళ్ల ఉలి గీతలు సన్నగా కనిపించేలా వదిలేయండి. చర్మానికి, ఉన్నికి తేడా దానివల్లే తెలుస్తుంది.

పీఠం, చోటు, శుభ్రం

చలువరాయి ఆరుబయటది కాదు. వానలోని ఆమ్లం, సముద్రం మీంచి వచ్చే ఉప్పు పొగమంచు కలిసి దాన్ని పంచదారలా రాల్చేస్తాయి. లైబ్రరీ, టౌన్ హాల్ వరండా, బడి లోపలి హాలు లాంటి చోట్లు చూడండి. చూసేవాళ్ల కంటికి కొంచెం పైన విగ్రహం కళ్లు ఉండాలి. నా లెక్కలో పీఠం 110 సెంటీమీటర్లు, దాని మీద 12 సెంటీమీటర్ల దిమ్మె, అప్పుడు కళ్లు నేల నుంచి 170 సెంటీమీటర్ల దగ్గర వస్తాయి.

ఇది భూకంపాల నేల, కాబట్టి బస్టుకు, దిమ్మెకు, పీఠానికి మధ్య స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ తప్పనిసరి. మామూలు ఇనుము పెట్టొద్దు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాతిని లోపల్నుంచి చీలుస్తుంది, పైకి ఎర్రటి చారలు కూడా దిగుతాయి. కడ్డీకి రంధ్రం బస్ట్ అడుగున ముందే, చెక్కడం సగంలో ఉండగానే వేసుకోండి. పూర్తయ్యాక తలకిందులు చేసి డ్రిల్లు పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

రాసే అక్షరాల్లో పేరు, 1820–1870 అన్న సంవత్సరాలు ఉంటే చాలదు. ‘రాజనీతిజ్ఞుడు’ లాంటి మాట ఎవరికైనా అతుకుతుంది. ‘1856లో చార్ల్స్ సమ్నర్ పక్షాన కాంగ్రెస్‌లో లేచి మాట్లాడాడు’ అన్నట్టు చేసిన పని రాయండి. ఊరి పేరు వెనక ఎవరున్నారో బడి పిల్లవాడు నిలబడి చదివేది ఆ ఒక్క వాక్యమే. నేనైతే ఐదో అధికరణం గురించి కూడా ఒక లైను వేస్తాను.

మనవాళ్లు పదిమంది ఉన్న చోట విగ్రహం కనిపిస్తే దండ పడుతుంది, బొట్టు పడుతుంది. అభిమానమే, కాదనను. కానీ చలువరాయి పీల్చుకుంటుంది. పసుపు, కుంకుమ, బంతిపూల రసం, నూనె ఒకసారి లోపలికి దిగితే రావడం మహా కష్టం. దండ వేయాలనుకుంటే పీఠం ముందు నేల మీద పెట్టమని చెప్పండి. ఇత్తడి తోమే చింతపండు, నిమ్మచెక్క, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏవీ దాని దగ్గరికి రాకూడదు, పులుపు తగిలిన చోటల్లా రాయి కరిగిపోతుంది. బ్లీచింగ్ కూడా వద్దు. మెత్తటి కుచ్చు బ్రష్షుతో పైనుంచి కిందికి దుమ్ము దులపండి, కళ్ల గుంటలు, చెవులు, గడ్డం పాయల మధ్య చిన్న బ్రష్షుతో. మరీ మురికిపడితే డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన దూదితో చిన్న చిన్న భాగాలుగా అద్ది, వెంటనే పొడి గుడ్డతో ఒత్తి తడి తీసేయాలి. ఆ పని చేసేటప్పుడు చేతులకు గ్లవ్స్ ఉండాలి. జరపాల్సి వస్తే తల పట్టుకుని కాదు, అడుగు దిమ్మె కింద పట్టీలు వేసి ఎత్తండి.